అరచేతిలో సూదిమొనంత చిల్లు

మా ఖరగ్‌పూర్ మలంచా పేటలో ఎవరింటి ముందైనా గోడలు కడిగే ఆ ప్రెషర్ మిషన్ చప్పుడు వినబడితే నా కాళ్ళు ఇంట్లో నిలవవు. గేటు దాకా వెళ్ళి, గోడ కడుగుతున్నవాళ్ళను పిలిచి, నా కుడిచెయ్యి చూపించి వస్తాను. కొందరు మిషన్ ఆపి వింటారు. కొందరు "ఠీక్ హై, ఠీక్ హై" అని తల ఊపి మళ్ళీ మొదలెడతారు. మొన్న ఒకావిడ పిల్లల్ని లోపలికి పంపేసింది, నా చెయ్యి చూసి జడుసుకుంటారని. నాకు కోపం రాలేదు. జడుసుకోవాలనే కదా చూపించడం.

ఎంతమంది గేట్ల దగ్గరని నిలబడను? అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈ చెయ్యి సంగతి తలుచుకుంటే ముందుదీ వెనకదీ కలిసిపోయి ఊపిరాడదు. వరసలో పెట్టుకుంటే కాస్త కుదుటపడతానేమోనని ఆశ. డాక్టర్ల మాటలు నాకు సగమే అర్థమయ్యాయి కాబట్టి వాటి జోలికి పోను.

నా పేరు పైడమ్మ. మా ఆయన ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో బ్రేకుల సెక్షన్ ఫిట్టరు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు, హెల్పరుగా. ఆడదాన్ని కదా, చీపురిచ్చి ఓ మూల కూర్చోబెడతారని అందరూ అనుకున్నారు. అలా కూర్చునే రకాన్ని కాదు నేను. సెక్షన్లో పెద్ద ఫిట్టరు అప్పన్న మామ మా ఆయనకీ గురువే. ఆయన వెనకాల పడి, తిట్లు తిని, పని నేర్చుకున్నాను. రైలు పెట్టెల కింద బ్రేకులు గాలితో నడుస్తాయి. ఆ గాలి గొట్టాల్లో ఎక్కడ కారుతోందో పట్టుకోవడం మా పని. సబ్బునీళ్ళు రాసి బుడగ వస్తుందా లేదా చూడాలని రూలు. అరచెయ్యి అడ్డం పెట్టి చూడడం మా అలవాటు. "మొకం పక్కకి తిప్పీ. కళ్ళు, సెవులు మోసం సేస్తాయి. సెయ్యి సెయ్యదు" అనేవాడు మామ.

కొన్నేళ్ళకి పరీక్ష రాసి నేనూ ఫిట్టర్నయ్యాను. వెంట్రుకంత సందులోంచి వచ్చే గాలి కూడా నా అరచేతికి తెలిసేది. కుర్రాళ్ళు సబ్బునీళ్ళ డబ్బా పక్కన పెట్టేసి "పైడమ్మ దీదీ, జరా హాత్ లగావ్" అని, కాస్త చెయ్యి పెట్టి చూడమని పిలిచేవాళ్ళు. చదువు అంతంతమాత్రం, నోరు చెడ్డది, మొగుడు లేడు. ఆ చెయ్యే నాకున్న మర్యాద.

విశ్వకర్మ పూజ ముందు రోజు

ఆ ఏడు వానలు వదల్లేదు. మా ఇంటి గోడలు నాచు పట్టి పొయ్యి మీద మసికుండల్లా తయారయ్యాయి. దుర్గాపూజ లోపు రంగు వేయించాలని పెయింటర్ని పిలిస్తే, నాచు పోతేగానీ రంగు నిలవదు, ముందు కడిగించుకోండి అన్నాడు.

మా మరిది సింహాద్రికి పూరీ గేట్ దగ్గర బైకులు కడిగే షాపు ఉంది. మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు మా ఊళ్ళో పనిముట్టుకి పని చెప్పరు, కడిగి బొట్టుపెట్టి కూర్చోబెడతారు. కాబట్టి ముందు రోజు మధ్యాహ్నమే షాపు మూసి, ప్రెషర్ మిషన్ ఆటోలో వేసుకుని మా ఇంటికి తెచ్చాడు. నీళ్ళ పైపు బిగించి, నాచు చావడానికి బ్లీచింగ్ కలిపి పెట్టాడు. ఇంతలో పూజ పూలకి గోల్‌బజార్ వెళ్ళాల్సి వచ్చింది.

"నాను వచ్చీదాకా ముట్టుకోకు వదినా. ఇది మీ షాపు గాలిలాంటిది కాదు" అన్నాడు.

"నాకా సెప్తన్నావు? నువ్వు సైకిల్ టైరుకి గాలి కొట్టించుకునే రోజుల్నుంచి నాను గాలితోనే బతుకుతున్నాను. ఎల్లు ఎల్లు" అన్నాను.

అతను వీధి మలుపు తిరక్కుండానే నీళ్ళు చిమ్మే గన్ అందుకున్నాను. ఏం చెప్పను, భలే సరదాగా ఉండింది. గన్ నడిచిన మేరా నల్లటి గోడ మీద తెల్లటి దారి పడుతోంది. ఒకచోట సిమెంటు పెచ్చు లేచిపోయింది, కిటికీ రెక్క మీద రంగు చెక్కుకుపోయింది. సిమెంటునే లేపేస్తున్న నీళ్ళు మనిషి చర్మాన్ని ఏం చేస్తాయని ఒక్కసారి అనుకోవచ్చు కదా. అనుకోలేదు. మా అత్త వరండాలో కూర్చుని "గోడలు కడగమన్నామే గానీ గోతులు పెట్టమన్లేదే" అని సణుగుతోంది.

ఉన్నట్టుండి నీటి ధార సన్నబడింది. గన్ మూతిలో ఏదో ఇరుక్కుంది. మా వర్క్‌షాపులో గొట్టం మూసుకుపోతే ఏం చేస్తాం? మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి గాలి వదులుతాం, ఏపాటి వస్తోందో తెలియడానికి. అప్పుడు నేను ఆలోచించానంటే అబద్ధం. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఎడమచేత్తో గన్ పట్టుకుని, కుడి అరచెయ్యి మూతికి అడ్డం పెట్టి, మీట నొక్కాను.

చీమ కుట్టినట్టయింది, అంతే. చూపుడువేలి మొదట్లో సూదిమొనంత చిల్లు. ఒక్క చుక్క నెత్తురు వచ్చి ఆగిపోయింది.

"ఏటయ్యిందే?" అంది అత్త.

"ఏటీ లేదు" అన్నాను. కాస్త పసుపు అద్ది, మిగిలిన గోడ కూడా కడిగేశాను.

దీపాలు పెట్టే వేళకి వేలు ఉబ్బింది. పిడికిలి మూసుకోవడం లేదు. సింహాద్రి వచ్చి గోడ చూసి సంబరపడ్డాడు. నేను చెయ్యి కొంగులో దాచుకున్నాను. దెబ్బకి భయపడి కాదు, అతను చెప్పినమాటే నిజమైందని తెలిస్తే నాకు పరువు తక్కువని.

పూజ రోజు

విశ్వకర్మ పూజంటే మా వర్క్‌షాపుకి పండగ. ఇంటిల్లిపాదీ లోపలికి వచ్చి మిషన్లకి కట్టిన బంతిపూలు చూసిపోతారు. మా సెక్షన్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. పళ్ళెం సర్దడం, దీపం, ప్రసాదం నా చేతి మీదే జరగాలి. చెయ్యి మణికట్టు దాకా సలుపుతోంది. పండగపూట దెబ్బ పట్టుకుని ఆస్పత్రికి పోతే అశుభం అంటారు. అయినా చిల్లు చూపించి ఏడిస్తే నవ్వరా? గుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాను.

అప్పన్న మామకి ఎడమచేత్తో ప్రసాదం పెట్టబోయాను. ఆయన తీసుకోలేదు.

"పెసాదం ఎడమ సేత్తో ఏటే? కుడిది సూపించు."

చూపించాను. వేలు అప్పటికే నల్లబడుతోంది. ఏం జరిగిందో చెబితే మామ ముఖంలో రంగు మారింది.

"ముందు ఆస్పత్రికి ఎల్లు. పూజ నాను సూసుకుంటాను."

"అయ్యాక ఎల్తాను మామా. చిల్లే కదా."

అయ్యాక కూడా ఆస్పత్రికి వెళ్ళలేదు. గోల్‌బజార్లో ఒక మందుల షాపుకి వెళ్ళాను. అక్కడి కాంపౌండర్‌కి చెయ్యి చూపించి "గుచ్చుకుంది" అన్నాను. ఏం గుచ్చుకుందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ధనుర్వాతం ఇంజెక్షన్, నొప్పి బిళ్ళలు ఇచ్చి "ఛోటా సా హై దీదీ, ఘబ్రావో మత్" అన్నాడు. ఆయన్ని అనడానికి లేదు. చిన్నదేలే అనే మాట కోసమే నేను అక్కడికి వెళ్ళాను. చదివేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి: ఆ గన్ నీళ్ళు చేతిలోకి దూరితే "గుచ్చుకుంది" అనకండి. మిషన్ నీళ్ళు లోపలికి వెళ్ళాయని చెప్పండి, తిన్నగా పెద్దాస్పత్రికే వెళ్ళండి. పైన చిల్లు సూదిమొనంతే. లోపల ఆ నీళ్ళు, బ్లీచింగు, నాచు, గోడ మట్టి మణికట్టు దాకా పాకిపోతాయి.

ఆ రాత్రి జ్వరం వచ్చి మాట తడబడుతుంటే పక్కింటి మౌసుమి దీదీ చూసి, అత్తనీ నన్నూ ఆటో ఎక్కించింది. ఆస్పత్రి డాక్టరు ముందు చిల్లు చూశాడు. ఎలా అయిందన్నాడు. మిషన్ మాట చెప్పగానే కుర్చీలోంచి లేచిపోయాడు. ఎప్పుడు అన్నాడు. చెప్పాను. కోప్పడతాడేమోనని తల దించుకున్నాను. కోప్పడలేదు. నెమ్మదిగా "వెంటనే కోల్‌కతా తీసుకెళ్ళాలి" అన్నాడు. తిట్టి ఉంటే ఇంకా ఆశ ఉందనుకునేదాన్ని.

అంబులెన్సులో సింహాద్రి నా పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా "వదినా" అని పిలవడం, నేను చూస్తే మళ్ళీ కిందికి చూడడం.

దుర్గాపూజ

కోల్‌కతా ఆస్పత్రిలో నా చూపుడువేలు తీసేశారు. అరచెయ్యి మణికట్టు దాకా తెరిచి, కొన్నాళ్ళు అలాగే ఉంచి కడిగారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. కట్టు విప్పినప్పుడల్లా నేను గోడవైపు తిరిగేదాన్ని. వాసన మాత్రం ఎటు తిరిగినా వచ్చేది.

కట్టు మార్చే గది ముందు బల్ల మీద నాలాంటివాళ్ళం వరసగా కూర్చునేవాళ్ళం. పక్కన ఒక ఒడియా ఆమె ఉండేది. భర్త కాళ్ళు కాలి లోపల ఉన్నాడు. ఒకరోజు ఆమె కమలాపండు ఒలుచుకుంటూ, నేను నా పండుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఎడమ బొటనవేలితో కుస్తీ పడడం చూసింది. తన పండులోంచి ఒక తొన తీసి తిన్నగా నా నోట్లో పెట్టింది. తర్వాత తనొకటి, నాకొకటి. ఆమె పేరు అడగాలని కూడా తోచలేదు. బయట ఎక్కడో పూజ పందిట్లో ఢాక్ డోలు మోగుతుంటే నేను ఏడ్చాను, ఆమె తొనలు ఒలుస్తూనే ఉంది.

ఇంటి దగ్గర వేరే యుద్ధం. ఫోన్లో అత్త సింహాద్రిని దుమ్మెత్తిపోసింది.

"నీ మిషనే నా కోడల్ని తినీసింది. నా గుమ్మం తొక్కకు."

"ముట్టుకోవద్దని సెప్పినానమ్మా" అన్నాడు అతను.

"సెప్పీసి ఎల్లిపోతే సరా? పిల్లకి కత్తిచ్చి కోసుకోకని సెప్తారా ఎవులైనా?"

ఫోను అతని చేతిలోనే ఉంది, నా మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. మాటలన్నీ నాకు వినబడుతున్నాయి. అత్తా, తప్పు అతనిది కాదు, నాది అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నామీద నాకున్న కోపం మొత్తం నేనే మోయలేక కొంత అతని మీద ఉండనిచ్చాను. అతను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

వెళ్ళేముందు సర్జన్ని అడిగాను, మళ్ళీ నా పని నేను చేసుకోగలనా అని. "హాత్ రహేగా" అన్నాడు. చెయ్యి ఉంటుంది. ఆ రెండు మాటలూ పట్టుకుని ఖరగ్‌పూర్ వచ్చాను. చెయ్యి ఉండడం వేరు, చేతికి తెలియడం వేరని ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

కాళీపూజ తర్వాత

ఇంటికొచ్చాక తెలిసింది, ఒక్క రోజులో కుడిచెయ్యి ఎన్ని పనులు చేస్తుందో. అన్నం కలపలేను. జడ వేసుకోలేను. జాకెట్టు హుక్కు పెట్టుకోలేను. మౌసుమి దీదీ పొద్దున్నే వచ్చి జడ వేసి, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి పోయేది. అన్నం అత్త కలిపి పెట్టేది. మేం అత్తాకోడళ్ళం ఎప్పుడూ మెత్తగా మాట్లాడుకున్నవాళ్ళం కాదు. ముద్ద నోటి దగ్గర పెట్టి కూడా తిట్టేది.

"నోరు తెరు. తిట్టడానికి తెరుస్తావు గదా ఊరంత."

"నీ నోటి ముందు నాదెంత అత్తా" అనేదాన్ని. తినేదాన్ని.

మిగిలిన వేళ్ళు వంచడానికి రబ్బరు బంతి ఇచ్చారు. నొక్కి నొక్కి ఏడుపొచ్చేది. వేళ్ళు కొద్దికొద్దిగా వంగాయి. కానీ అరచెయ్యి మాత్రం నాది కానట్టు, ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉండేది. స్పర్శ తిరిగి రావడానికి కళ్ళు మూసుకుని వస్తువులు పట్టి గుర్తుపట్టమన్నారు. ఆ పని అత్త తీసుకుంది. రోజూ పొద్దున వంటింటి గడప మీద కూర్చుని, నా కళ్ళు మూయించి, చేతిలో ఏదో ఒకటి పెట్టేది.

"ఏటిది?"

"చింతపిక్క."

"సింతపిక్కే."

"వత్తి."

"వత్తే. సూసినావా, తెలుస్తంది గదా."

మొదట్లో ఊహించి చెబుతున్నాననే అనిపించేది. కానీ రోజూ సరిపోతుంటే నమ్మకం వచ్చింది. లోపలెక్కడో లీలగా తెలుస్తోంది కాబోలు, నాకే పోల్చుకోవడం రావడం లేదనుకున్నాను. అత్త ముఖం కూడా తేటపడింది. నేనూ అన్నాళ్ళకి కాస్త నిద్రపోయాను.

సింహాద్రి మిషన్ అమ్మేశాడని మౌసుమి దీదీ చెప్పింది. ఇప్పుడు బకెట్టు, గుడ్డతో బైకులు కడుగుతున్నాడట. పిలిపించాను. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"తప్పు నీది కాదు సింహాద్రీ. నువ్వు ఒద్దనే సెప్పినావు" అన్నాను.

"అలాగే వదినా" అన్నాడు. నమ్మినట్టు లేడు. ఈ మాటకి కూడా వేళ ఉంటుంది, ఆ వేళ కోల్‌కతాలోనే దాటిపోయింది.

చలి తగ్గాక

డ్యూటీలో చేరమని కాగితం వచ్చింది. ఏ పనిలో వేస్తారో షాపులో తేలుస్తారు. నేను నా బల్ల దగ్గరికే వెళ్తానని అత్తతో గట్టిగా చెప్పాను. అత్త ఏదో అనబోయి ఆగిపోయి, డబ్బాలో అన్నం కట్టింది.

అప్పన్న మామ నన్ను ఆఫీసుకి వెళ్ళనివ్వలేదు. "ముందు ఇలగ రా" అని మా సెక్షన్ బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. చుట్టూ గొట్టాలు బుసకొడుతున్నాయి, పక్క లైన్లో సుత్తుల మోత. అన్నాళ్ళకి ఆ నూనె వాసన పీల్చేసరికి పుట్టింటికి వచ్చినట్టనిపించింది. కుర్రాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"సెయ్యి పెట్టు" అన్నాడు మామ.

గొట్టం మూతికి నా కుడి అరచెయ్యి అడ్డం పెట్టాను. ఆయన నేర్పినట్టే ముఖం పక్కకి తిప్పుకున్నాను. ఊపిరి బిగబట్టి నా ప్రాణమంతా అరచేతిలోకి తెచ్చుకున్నాను.

"ఉందా?"

చుట్టూ బుస వినబడుతోంది. చేతిలో లీలగా ఏదో ఉన్నట్టే అనిపించింది. రోజూ వంటింట్లో అనిపించినట్టే.

"ఉంది మామా. సన్నగా వస్తంది."

ముఖం ఇటు తిప్పి చూశాను. గాలి తిప్పే హ్యాండిల్ గొట్టానికి అడ్డంగా ఉంది. అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. షాపులో చేరిన రోజు ఎవరికైనా నేర్పే మొదటి పాఠం అది. మామ గాలి వదల్లేదు.

"ఈ పని ఒద్దులే పైడమ్మా" అన్నాడు. నా కళ్ళలోకి చూడలేకపోయాడు. ఆ రైలు పెట్టెలు జనం ఎక్కేవి. ఆయన అన్నది న్యాయమే. నేను మాత్రం అక్కడే నిలబడి, ఆ చెయ్యి ఆ గొట్టం మీద నుంచి తియ్యలేకపోయాను. మామే మెల్లగా పట్టుకుని తీశాడు. పట్టుకున్నాడని చూస్తే తెలిసింది.

ఇప్పుడు నేను పనిముట్ల గదిలో కూర్చుంటున్నాను. అడిగినవాళ్ళకి పానాలు, సుత్తులు ఎడమచేత్తో అందిస్తాను. అందరూ మర్యాదగానే తీసుకుంటారు. "దీదీ, జరా హాత్ లగావ్" అని ఎవరూ పిలవరు. చెయ్యి బాగుపడుతుందా అని అడిగేవాళ్ళకి, ఇంతే అని చెబుతున్నాను. ఓదార్పు కోసం ఇది చదివేవాళ్ళుంటే క్షమించండి, నా దగ్గర అది లేదు. మీ గోడ మీద నాచు ఉంటే చీపురు, పీచు పెట్టి తోమండి. లేదా ఉండనివ్వండి. నాచు ఎవరి చెయ్యీ అడగదు.

మామ గొట్టం దగ్గరికి తీసుకెళ్ళిన రోజు సాయంత్రం సంగతి ఒక్కటి మిగిలింది.

ఇంటికొచ్చి అత్తకి ఏమీ చెప్పలేదు. కాళ్ళు కడుక్కుని వంటింటి గడప మీద కూర్చుని చెయ్యి చాపాను. "పొద్దున్న మర్సిపోనాం గదా" అంటూ అత్త పోపుడబ్బా పక్కనుంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది. మూస్తున్నంతసేపూ కిందికే చూస్తోంది, నా ముఖంలోకి చూడలేదు. నేను ఆ రోజు కళ్ళు మూసుకోలేదు. పెడుతున్నప్పుడే చూశాను. చింతపిక్క.

"ఏటిది?" అంది.

"వత్తి" అన్నాను.

"వత్తే" అంది అత్త.